కారు కింద తోడల్లుళ్ళు

“తన బండి తాను బాగుచేసుకోలేని మనిషి దేశానికి బరువు!”

ఈ మహావాక్యం శ్రమగౌరవ శాఖ సంయుక్త సంచాలకులవారి నోట, శ్రమగౌరవ వారోత్సవాల ప్రారంభ సభలో, మైకు రెండుసార్లు కుయ్యోమన్న తర్వాత వెలువడింది. ముందు వరసలో కూర్చున్న కమిషనరుగారు చప్పట్లు కొట్టారు. ఆవిడ కొట్టారు కాబట్టి వెనక వరసలవాళ్ళు ఇంకాస్త గట్టిగా కొట్టారు.

సంయుక్త సంచాలకులవారిని ఆఫీసులో అందరూ ‘శ్రమజీవిగారు’ అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో, ఏం చూసి పెట్టారో ఆయనకు తెలియదు. అదొక బిరుదని ఆయన నమ్మకం. పాతికేళ్ళ సర్వీసులో ఆయన స్వయంగా ఎత్తిన అతి బరువైన వస్తువు రబ్బరు స్టాంపు. ఫైలు పేజీలు బంట్రోతు తిప్పుతాడు, ఈయన సంతకం తిప్పుతారు. ఆనాటి ఉపన్యాసం కూడా ఆయన రాసింది కాదు, సెక్షను సూపరింటెండెంటు రాసి ఇచ్చింది. ఒంటికి చెమట పట్టకుండా చెమట మీద పద్నాలుగు పేజీలు రాయగల దిట్ట ఆ సూపరింటెండెంటు.

సభ ముగిసింది. శ్రమజీవిగారు హుందాగా కారెక్కి తాళం తిప్పారు. ‘టక్’ అంది. మళ్ళీ తిప్పారు. మళ్ళీ ‘టక్’. దీపాలు ధగధగ వెలుగుతున్నాయి, హారను చెవులు చిల్లులు పడేలా మోగుతోంది, ఇంజను మాత్రం ఉలకదు, పలకదు. పైగా ఆ కారు గేటుకు సరిగ్గా అడ్డంగా ఉంది. దాని వెనక కమిషనరుగారి కారు!

శాఖలో కార్లు నెట్టడానికి నియమావళి అంటూ లేదు. అయినా క్రమశిక్షణ గల శాఖ గనక సీనియారిటీ ప్రకారం నెట్టారు. ఉపసంచాలకులిద్దరూ డిక్కీ మీద చెరొక చెయ్యి వేశారు. సహాయ సంచాలకులు వాళ్ళ భుజాల మీద చేతులు వేశారు. గుమాస్తాలు అందరికంటే వెనక నిలబడి గాలిని నెట్టారు. కారు అంగుళం కదల్లేదు. చివరికి కమిషనరుగారి డ్రైవరూ తోటమాలీ వచ్చి, అందర్నీ తప్పుకోమని, ఒక్క ఊపులో పక్కకు తోసేశారు.

“స్టార్టర్ మోటారు పోయిందండీ, మార్చాలి,” అన్నాడు డ్రైవరు, చేతులు దులుపుకుంటూ.

కమిషనరుగారు కారు అద్దం దించారు. “ఎంత కలిసొచ్చిందో చూశారా! మీరెలాగూ మీ బండి మీరే బాగుచేసుకుంటారు. ముగింపు సభ ఆదివారం మీ ఇంటిముందే పెట్టేద్దాం. మేమంతా వచ్చి చూస్తాం. మీ ప్రమోషను ఫైలు కూడా నా బల్ల మీదే ఉంది లెండి.”

“తప్పకుండా మేడమ్! అదెంతలో పని!” అన్నారు శ్రమజీవిగారు. అనేసి, స్టార్టర్ మోటారు అనేది కారులో ముందుంటుందా వెనకుంటుందా అని ఆలోచనలో పడ్డారు.

*

కారును తాడు కట్టించి ఇంటికి లాగించుకొచ్చి విషయం చెబితే భార్య కుట్టుమిషను ఆపకుండానే వింది.

“మా బావగారున్నారుగా. పిలవండి,” అంది.

ఆ బావగారు ఆవిడ అక్క భర్త. అంటే శ్రమజీవిగారికి సాక్షాత్తూ తోడల్లుడు. ఊరికి ఆ చివర సొంత మెకానిక్ షెడ్డు పెట్టుకుని ముప్పై ఏళ్ళుగా బండ్ల రోగాలు కుదురుస్తున్నాడు. శ్రమజీవిగారు ఉండే వీధిలో మాత్రం ఆయన ‘యంత్ర పరిశోధన’లో ఉన్నట్టు వాడుక. ఎప్పుడైనా ఇంటికొస్తే వెనక వసారాలో కూర్చోబెడతారు. అక్కడ గాలి బాగా వస్తుందంటారు. నిజానికి భయం ముందుగదిలోని కుర్చీల కవర్ల గురించి.

పోయిన నెలలో అక్కగారు షెడ్డు పక్కనే ఇల్లు కట్టుకుని అందర్నీ భోజనానికి పిలిచింది. శ్రమజీవిగారికి సరిగ్గా ఆ రోజే ‘అత్యవసర సమీక్ష’ వచ్చిపడింది. ఆ సమీక్ష ఆయన పడకగదిలో, మంచం మీద, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా గురకతో సహా జరిగింది. భార్యను ఒక్కదాన్నే పంపడం మర్యాద కాదని ఆవిణ్ణీ వెళ్ళనివ్వలేదు.

“నువ్వే ఓ మాట మీ అక్కతో...” అని నసిగారు శ్రమజీవిగారు.

“నేనా? ఏ మొహం పెట్టుకుని? ఇల్లు చూడ్డానికి రాని చెల్లెలు కారు చూడ్డానికి రమ్మందని అనుకోవాలా మా అక్క? మీ కారు, మీ కమిషనరు, మీ ఫోను. చేసుకోండి!”

శ్రమజీవిగారు గది తలుపు గడియపెట్టుకుని ఫోను చేశారు. “అన్నయ్యగారూ! ఎన్నాళ్ళైందండీ మిమ్మల్ని చూసి! కలలో కూడా మీరే...”

“బండికి ఏమైంది తమ్ముడూ?” అంది అవతలి గొంతు.

*

శనివారం మధ్యాహ్నం తోడల్లుడు వచ్చాడు. నీలం రంగు పని బట్టలు, భుజాన పనిముట్ల సంచీ, చొక్కా వీపు మీద షెడ్డు పేరు బారెడు అక్షరాలతో. శ్రమజీవిగారు వీధి ఆ చివరా ఈ చివరా చూసి, ఆయన్ని పెరటి గుమ్మంలోంచి లోపలికి లాగేశారు.

“చొక్కా తిరగేసి తొడుక్కుంటే బావుంటుందేమో అన్నయ్యగారూ. ఎండకి అక్షరాలు వెలిసిపోతాయి.”

“నీడలో ఉన్నాం కదా తమ్ముడూ,” అన్నాడు ఆయన, ఏమీ ఎరగనట్టు.

కారు కింద దూరి చూశాడు. తాళం తిప్పమని విన్నాడు. మోటారు మీద పానాతో రెండు దెబ్బలు వేసి మళ్ళీ తిప్పమన్నాడు. లేచి చేతులు తుడుచుకున్నాడు.

“బ్యాటరీ శుభ్రంగా ఉంది. మోటారే లోపల అరిగిపోయింది. ఇలాంటిదే నా దగ్గర ఒకటుంది, రేపు తెస్తాను. పెద్ద పనేం కాదు. ముందు బ్యాటరీ తీగ తీసెయ్యాలి, అది మరిచిపోతే చెయ్యి కాలుతుంది. తర్వాత రెండు తీగలు, రెండు బోల్టులు. కూర్చో, నేర్పుతాను. గంటలో వచ్చేస్తుంది. రేపు అందరి ముందూ నిజంగా నువ్వే చేసెయ్యి.”

నిజాయితీగా బయటపడే దారి ఒకటి మనిషి ముందుకు ఇలా నడిచి రావడం అరుదు. శ్రమజీవిగారు దాన్ని చూసి రెండడుగులు వెనక్కి వేశారు.

“నేనా! కింద పడుకుని! నా హోదా ఏమిటి అన్నయ్యగారూ! నేను వేరే ఏర్పాటు ఆలోచించాను. మీరు ముందే కారు కింద పడుకుంటారు. అటువైపు మా శాఖ బ్యానరు నేలదాకా కడతాం. ఇటువైపు నుంచి నేను దూరతాను. నా కాళ్ళు మాత్రం బయటికి కనబడతాయి. కాళ్ళు నావి, చేతులు మీవి. దీన్ని మా శాఖలో సమన్వయం అంటారు.”

తోడల్లుడు నవ్వలేదు. గుమ్మంలో నిలబడ్డ మరదలి వైపు చూశాడు. ఆవిడ తల దించుకుంది.

“సరే, మా మరదలి కోసం ఒప్పుకుంటున్నా,” అన్నాడు చివరికి. “నా పేరు నువ్వు చెప్పక్కర్లేదు, పొగడక్కర్లేదు. కానీ ఒక్కటి. ఎవరైనా అడిగితే మాత్రం నన్ను లేడనకు. అదొక్కటే.”

“అయ్యో, ఎంత మాట! నా గొంతులో ప్రాణం ఉండగా అంటానా!”

*

ఆదివారం ఉదయం పది గంటలకు ఇంటిముందు డెబ్భై కుర్చీలు వెలిశాయి. కారు ముందుభాగం జాకీతో లేపి కింద ఇనుప స్టాండ్లు పెట్టి ఉంది. ఒకవైపు ‘శ్రమే గౌరవం’ అన్న బ్యానరు నేలదాకా వేలాడుతోంది. దాని వెనక, గంట ముందే, ఒక మనిషి చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

శ్రమజీవిగారు కొత్త పని బట్టల్లో దిగారు. వాటిని చాకలిచేత కత్తిలా ఇస్త్రీ చేయించారు. ఎడమ బుగ్గ మీద అంగుళంన్నర మేర మసి. అది మసి కాదు, బూటు పాలిష్. ఏ బుగ్గ మీద నిండుగా ఉంటుందో పొద్దున్నే అద్దం ముందు అరగంట చూసుకున్నారు.

ఫొటోలు అయ్యాయి. పానాతో ఒకటి, పానా లేకుండా ఒకటి, పానాను కమిషనరుగారు అందిస్తున్నట్టు ఒకటి. తర్వాత శ్రమజీవిగారు నడుం పట్టుకుని, మూలిగి, చాప మీద వాలి, కారు కిందికి జరిగారు. ఆయన మోకాళ్ళ దగ్గర ఒక మైకు పెట్టించాడు సూపరింటెండెంటు. పని చేస్తూ మాట్లాడే అధికారి గొంతు ప్రజలకు వినబడాలి కదా!

కారు కింద తోడల్లుళ్ళిద్దరూ పక్కపక్కన పడుకున్నారు.

“బ్యాటరీ తీగ తీసేశాను. తీగలు రెండూ విప్పాను. కింది బోల్టు కూడా అయింది. నువ్వు ఊరికే పడుకో,” అని గుసగుసగా చెప్పి, తోడల్లుడు పై బోల్టు మీద పానా వేశాడు. పాత మోటారు దిగింది. దాన్ని పక్కన పెట్టి, కొత్తది పైకెత్తి, ఒక చేత్తో ఆనించి పట్టుకుని, రెండో చేత్తో బోల్టు అందుకున్నాడు.

బయట కమిషనరుగారు తమ మైకు తీసుకున్నారు. “సంయుక్త సంచాలకులుగారూ! ఇంత పనితనం మీకు ఎక్కడ అబ్బింది?”

“అంతా స్వయంకృషి మేడమ్!” అన్నారు శ్రమజీవిగారు, కారు అడుగుభాగాన్ని చూస్తూ. ఆ మాట వీధి చివర లౌడుస్పీకరులోంచి కూడా వచ్చింది. చప్పట్లు!

“మరి మీ కుటుంబంలో ఎవరైనా మెకానిక్కులు ఉన్నారా?”

ఆవిడ మామూలుగానే అడిగారు. ఉన్నారంటే పోయేది. కానీ ముందు వరసలో ఎదురింటివాళ్ళు, పక్కింటివాళ్ళు, ఉపసంచాలకుల భార్యలు. శ్రమజీవిగారి గొంతులో ప్రాణం ఉంది, హోదా కూడా ఉంది. హోదా ముందు లేచింది.

“ఛఛ! మెకానిక్కులా? మా కుటుంబాల్లో అలాంటివాళ్ళు ఎవరూ లేరు మేడమ్!”

కారు కింద పానా చప్పుడు ఆగింది.

తర్వాత తోడల్లుడు కొత్త మోటారును నెమ్మదిగా కిందికి దించి, శ్రమజీవిగారి గుండెల మీద పెట్టాడు. పక్కన బోల్టులు రెండూ పెట్టాడు. పానా ఆయన చేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

“మిగిలింది నువ్వు చేసుకో తమ్ముడూ. స్వయంకృషి కదా.”

“అన్నయ్యగారూ!” శ్రమజీవిగారు గుసగుసలాడారు. గుండెల మీద నాలుగు కిలోల ఇనుము, ఊపిరాడటంలేదు. “అన్నయ్యగారూ, కొంప ముంచకండి! మీ కాళ్ళు పట్టుకుంటాను! బోల్టు ఎక్కడ పెట్టాలో కూడా నాకు తెలీదు! ఆ సంతకం పడేదాకానైనా ఆగండి! తర్వాత కావాలంటే మీ ఇంటికొచ్చి భోంచేస్తాను!”

మైకు మంచి మైకు. గుసగుసల్ని కూడా చిన్నచూపు చూడలేదు. ప్రతి అక్షరాన్నీ భద్రంగా తీసుకెళ్ళి వీధి వీధంతా పంచింది. పాలవాడు సైకిలు ఆపేశాడు.

బ్యానరు కదిలింది. ‘గౌరవం’ అన్న అక్షరాల కిందినుంచి నీలం బట్టల మనిషి ఒకాయన బయటికొచ్చి, మోకాళ్ళు దులుపుకుని నిలబడ్డాడు. వీపు మీద షెడ్డు పేరు డెబ్భై కుర్చీలకూ కనబడింది.

“మీరెవరు?” అన్నారు కమిషనరుగారు.

“ఎవర్నీ కాదండీ. లేనివాణ్ణి,” అన్నాడాయన.

అప్పుడు శ్రమజీవిగారి భార్య లేచింది. ముందు వరసలో తన కుర్చీని జరిపి, చీర కొంగుతో తుడిచింది. “ఇక్కడ కూర్చోండి బావగారూ,” అంది. తర్వాత అందరికీ వినబడేలా, “ఈయన మా అక్క భర్త. ఈ ఊళ్ళో ఇంజన్లకు పెద్ద వైద్యుడు. నేను పోయిన నెల వీళ్ళింటికి భోజనానికి వెళ్ళలేదు. సిగ్గుపడాల్సింది దానికి!” అంది.

సభ సభంతా కమిషనరుగారి మొహం చూసింది. నవ్వాలో, కోప్పడాలో, బాధపడాలో ఆవిడే చెప్పాలి. సూపరింటెండెంటు వంగి ఆవిడ చెవిలో ఏదో చెప్పాడు.

విషయం ఇదీ. ఆదివారం సభ తాలూకు నివేదిక శుక్రవారమే టైపయి, మంత్రిగారి పేషీకి వెళ్ళిపోయింది. ‘సంయుక్త సంచాలకులు స్వహస్తాలతో మోటారును విజయవంతంగా అమర్చగా, ప్రజలు హర్షధ్వానాలు చేసిరి’ అని అందులో ఉంది. హర్షధ్వానాలు ఎన్ని నిమిషాలో కూడా ఉంది.

కమిషనరుగారు గొంతు సవరించుకున్నారు. “మైకులో ఏదో సాంకేతిక లోపం వచ్చినట్టుంది. ఎవరికైనా ఏమైనా వినబడిందా?”

“లేదు మేడమ్!” అన్నాయి అరవై కుర్చీలు. మిగతా పది వీధివాళ్ళవి.

“కనబడిందా?”

“అసలు లేదు మేడమ్!”

తోడల్లుడు ఆ కుర్చీలో ఒక్క నిమిషం కూర్చున్నాడు, మరదలి మాట తీసెయ్యలేక. తర్వాత లేచాడు. “విప్పిన పని అలా వదిలేసి వెళ్ళడం నాకు చేతకాదు,” అని మళ్ళీ కారు కిందికి దూరాడు. శ్రమజీవిగారిని కాళ్ళు పట్టి బయటికి లాగే పని డ్రైవరు చూసుకున్నాడు. ఇంకో పావుగంటలో మోటారు బిగిసింది, తీగలు తగిలాయి, బ్యాటరీ కలిసింది. తోడల్లుడు తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే ఇంజను గుర్రుమంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కమిషనరుగారు కొట్టలేదు మరి. డ్రైవరు మాత్రం దూరంగా నిలబడి, “శెభాష్!” అన్నాడు.

తోడల్లుడు సంచీ భుజాన వేసుకుని వీధి గుమ్మంలోంచే వెళ్ళిపోయాడు. ఆయన వెనకే శ్రమజీవిగారి భార్య, చేతిలో చిన్న సంచీతో. “అక్క దగ్గర వారం రోజులుంటాను. కూరలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. స్వహస్తాలతో వేడి చేసుకోండి,” అంది.

*

సోమవారం ఉత్తర్వు వచ్చింది. శ్రమజీవిగారు దేవుణ్ణి తలుచుకుని విప్పారు. సస్పెన్షను కాదు! పేషీకి నివేదిక ఎంతో నచ్చిందట. సంయుక్త సంచాలకులవారి పనితనాన్ని రాష్ట్రమంతా చూసి తరించాలట. ప్రతి జిల్లా కేంద్రంలోనూ వారు స్వయంగా స్టార్టర్ మోటారు విప్పి, బిగించి చూపించవలెను. మొదటి ప్రదర్శన వచ్చే నెల ఒకటిన. నాలుగో పేరా కమిషనరుగారు తమ సొంత చేత్తో రాసి కలిపారు: ‘ప్రదర్శన సమయమున కారు చుట్టూ ఏ విధమైన గుడ్డలూ కట్టరాదు.’

ప్రమోషను సంగతి ప్రదర్శనలన్నీ పూర్తయ్యాక!

శ్రమజీవిగారు మూడు రోజులు కూరలు వేడి చేసుకుంటూ ఆలోచించారు. నాలుగో రోజు సెలవు పెట్టి, మూతికీ ముక్కుకూ రుమాలు కట్టుకుని, బస్సెక్కి షెడ్డుకు వెళ్ళారు. చేతిలో తాయిలాల పొట్లం. తోడల్లుడు పొట్లం వైపు చూడలేదు.

“నేర్పుతావా అన్నయ్యా?” అన్నారు. ‘గారు’ ఎక్కడో బస్సులో జారిపోయింది.

“మొన్ననే నేర్పుతానన్నాను. ఆ కొక్కేనికి పాత బట్టలున్నాయి, తొడుక్కో.”

రెండు రోజులు పట్టింది. మొదటి రోజు బోల్టు ఎటు తిప్పితే వదులవుతుందో తెలిసింది. రెండో రోజు మధ్యాహ్నం, వేళ్ళు రెండుచోట్ల కోసుకున్నాక, ఒక పాత బండికి మోటారు పూర్తిగా తనే బిగించారు. తాళం తిప్పితే ఇంజను పలికింది. ఆయనకు ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్ళూ ఆయన సంతకం పెట్టిన ఏ కాయితమూ అలా బతికి లేవలేదు. రుమాలు చాటున చిన్నపిల్లాడిలా నవ్వుకున్నారు.

ఆ నవ్వు ఆరకముందే షెడ్డు ముందు మరో కారు ఆగింది. దిగినవాడు సెక్షను సూపరింటెండెంటు.

శ్రమజీవిగారు గబుక్కున తల తిప్పుకున్నారు. అవసరం లేకపోయింది. మసి బట్టల్లో ఉన్న మనిషి మొహం చూసే అలవాటు సూపరింటెండెంటుకు లేదు.

“ఏయ్, నిన్నే! చెవుడా? తాళం తిప్పితే ఒక్కోసారి టక్‌మంటోంది, చూడు. ఆగాగు! ఆ చేతుల్తో తలుపు ముట్టుకుంటావేం? అటునుంచి రా. త్వరగా కానియ్యి, నాకు ఉపన్యాసం రాసే పనుంది.”

శ్రమజీవిగారి నోటిదాకా వచ్చింది, ‘నేనెవరో తెలుసా’ అని. చెబితే రేపు ఆఫీసులో బంట్రోతుతో సహా అందరికీ తెలుస్తుంది. ఆ మాటను మింగి, ఇంకో మాట తీశారు.

“అలాగేనండీ,” అన్నారు.

కింద దూరి చూశారు. మోటారు బాగానే ఉంది, తీగ వదులైంది. బ్యాటరీ తీగ ముందు తీసి, మోటారు తీగ బిగించి, మళ్ళీ బ్యాటరీ కలిపారు. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది. సూపరింటెండెంటు ఈయన చెయ్యి పడినచోట బానెట్‌ను కాయితంతో తుడిచి, ఆ కాయితం ఈయన కాళ్ళ దగ్గర పారేసి, ఒక్క మాటైనా అనకుండా వెళ్ళిపోయాడు.

శ్రమజీవిగారు ఒళ్ళంతా మండిపోతూ తోడల్లుడి దగ్గరికి వచ్చారు. “చూశావా అన్నయ్యా, వాడి పొగరు! చేసిన పనికి ఒక్క మంచి మాట లేదు! మనిషిననుకున్నాడా, పురుగుననుకున్నాడా? రేపు ఆఫీసుకు పోగానే వాడి చేతికి మెమో ఇవ్వకపోతే నన్నడుగు!”

“ఇవ్వు తమ్ముడూ, తప్పకుండా ఇవ్వు,” అన్నాడు తోడల్లుడు, చేతిలోని మోటారు తుడుస్తూ. “ఏమని రాస్తావు?”

వేల మెమోలు రాసిన శ్రమజీవిగారు పానా పట్టుకుని గాల్లోకి చూశారు. “విషయం...” అని మొదలుపెట్టి, అక్కడే ఆగిపోయారు.